ఎ, యాన్, ది: వినేవాళ్లకు తెలుసా, తెలియదా?

ఇంగ్లిషులో మిగతావన్నీ ఒంటబట్టినవాళ్లను కూడా చివరిదాకా సతాయించేవి ఈ మూడు పొట్టి మాటలే. కారణం అడిగితే అందరూ చెప్పేది ఒకటే: తెలుగులో ఆర్టికల్స్ లేవు కదా అని. మాటలుగా లేవు, నిజమే. కానీ అవి చేసే పని మన భాషలో జరుగుతూనే ఉంది. మన కథల్లో మొదట 'ఒక రాజు' వస్తాడు, మరుసటి వాక్యానికల్లా 'ఆ రాజు' అయిపోతాడు. మొదటిసారి అతనెవరో మనకు తెలియదు, రెండోసారి తెలుసు. 'ఎ కింగ్', 'ది కింగ్' మధ్య తేడా సరిగ్గా ఇదే. 'ఒక', 'ఆ' లేకుండానూ మనం దీన్ని చూపిస్తాం. 'మావాడు కారు కొన్నాడు' అంటే ఏదో ఒక కారు. 'కారుని అమ్మేశాడు' అనగానే, మనకు తెలిసిన ఆ కారే అని అవతలివాళ్లకు అందుతుంది. ఆ చిన్న 'ని' చాలాసార్లు 'ది' పనే చేస్తుంది.

కాబట్టి నిర్వచనాలు పక్కనబెట్టి ఒక్క ప్రశ్న వేసుకోండి: నేను దేని గురించి అంటున్నానో వినేవాళ్లకు తెలుసా? తెలిస్తే 'ది'. గదిలో కూర్చుని 'క్లోజ్ ది డోర్' అంటే ఏ తలుపో వేరే చెప్పనక్కర్లేదు. మనకు కనిపించే సూర్యుడు, చంద్రుడు ఒక్కొక్కరే కనుక 'ది సన్', 'ది మూన్'. 'టాలెస్ట్' ముందు 'ది' రావడానికీ కారణం అదే, అందరికన్నా పొడుగు ఒక్కరే.

అసలు చిక్కు మరోచోట ఉంది. 'నేను టీచర్ని' అనేటప్పుడు మనం 'ఒక' చేర్చం, చేరిస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఆ అలవాటుతోనే 'ఐ యామ్ టీచర్' అనేస్తాం. అది తప్పు. లెక్కపెట్టగల మనిషో వస్తువో ఒక్కటే ఉన్నప్పుడు ఇంగ్లిషు ఆ మాటను దాదాపు ఎప్పుడూ ఒంటరిగా వదలదు. ముందు 'ఎ' గానీ, 'ది' గానీ, 'మై', 'దిస్' లాంటిది గానీ ఉండాలి. నన్నడిగితే, ఈ ఒక్క సంగతి పట్టుబడితే చాలా తప్పులు వాటంతటవే పోతాయి.

ఆ 'ఎ' జారిపోతే ఏమవుతుందో 1969 జులైలో ప్రపంచమంతా విన్నది. చంద్రుడి మీద కాలుపెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చెప్పదలచుకున్నది, ఒక మనిషికి ఇది చిన్న అడుగు, మానవజాతికి పెద్ద గెంతు అని. కానీ టేపులో 'మేన్' ముందు 'ఎ' స్పష్టంగా వినపడదు. ఆర్టికల్ లేని 'మేన్' అంటే మనుషులంతా అనే అర్థం కూడా ఉంది. దాంతో అడుగూ మానవజాతిదే, గెంతూ మానవజాతిదే అయి కూర్చుంది! తాను 'ఎ' అన్నాననే ఆయన చెప్పుకొచ్చాడు. ఆ టేపును తర్వాత పరీక్షించినవాళ్లు మాత్రం ఒక్క మాట మీదికి రాలేదు.

ఇంగ్లిషు లెక్కపెట్టనివి కొన్ని ఉన్నాయి: ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్, లగేజ్, అడ్వైస్. వీటికి 'ఎ' పెట్టరు. మనకు 'ఒక సలహా' సహజం గనుక 'యాన్ అడ్వైస్' నోటికొచ్చేస్తుంది. 'ఎ పీస్ ఆఫ్ అడ్వైస్' అనాలి. ఒక జాతి మొత్తం గురించి బహువచనంలో చెప్పేటప్పుడు 'ది' కూడా వద్దు: 'డాగ్స్ ఆర్ ఫెయిత్‌ఫుల్'. అక్కడ 'ది' పెడితే, ఎవరి కుక్కలు అని అడుగుతారు.

'ఎ'నా, 'యాన్'నా అన్నది స్పెల్లింగును బట్టి తేలదు, శబ్దం వినాలి. 'యాన్ అవర్', 'ఎ యూనివర్సిటీ' అందుకే. ఇందులో తెలుగువాళ్లకు ఇబ్బంది ఒకటుంది. మన నోట ఎమ్మెల్యే 'యెమ్మెల్యే' అవుతాడు, ఎగ్ 'యెగ్' అవుతుంది. ఆ యకారం మనం చేర్చుకున్నది, ఇంగ్లిషు ఉచ్చారణలో లేదు. కనుక 'యాన్ ఎమ్మెల్యే', 'యాన్ ఎగ్' అనే రాయాలి. 'వన్'లో వకారం మాత్రం వాళ్లదే: 'ఎ వన్ రుపీ కాయిన్'.

పేర్ల దగ్గర తర్కం అంతగా పనిచేయదు, వాడుక చూసి గుర్తుపెట్టుకోవాల్సిందే. నదికి 'ది గోదావరి', పర్వతశ్రేణికి 'ది హిమాలయాస్', ఒక్క శిఖరానికి ఉత్త 'ఎవరెస్ట్'. 'ది నెదర్లాండ్స్' లాంటి కొన్ని తప్ప దేశాలకు ఆర్టికల్ ఉండదు. ఉక్రెయిన్‌ని ఒకప్పుడు 'ది ఉక్రెయిన్' అనేవారు. 1991లో స్వతంత్రం వచ్చాక ఆ వాడుక వెనక్కి తగ్గింది. 'ది' ఉంటే తమది దేశంలా కాక మరొకరి రాజ్యంలోని ప్రాంతంలా వినిపిస్తోందని ఉక్రెయిన్‌వాళ్ల అభ్యంతరం.

కొన్ని చోట్లకు ఏ పని మీద వెళ్తున్నారన్నదాన్ని బట్టి 'ది' ఉండటమో పోవడమో జరుగుతుంది. పిల్లవాడు చదువుకోవడానికి 'గోజ్ టు స్కూల్'. ఫీజు కట్టడానికి తండ్రి 'గోజ్ టు ది స్కూల్'. ఆసుపత్రిలో చేరిన రోగి బ్రిటన్‌లో 'ఇన్ హాస్పిటల్', అమెరికాలో 'ఇన్ ది హాస్పిటల్'. రెండూ ఒప్పే. ఇంగ్లిషు పేపర్ చదివి నేర్చుకునేవాళ్లు మాత్రం హెడ్డింగుల దగ్గర ఆగిపోకండి. చోటు సరిపోక అక్కడ ఆర్టికల్స్‌ని కత్తిరించేస్తారు. కింద వార్తలోకి వెళ్తే అవన్నీ కనిపిస్తాయి.