డీజిల్ బండికి ఇంధన పీడనమాపకము

మోటారు బండి నడుపువాని యెదుట కొన్ని మాపకములు ఉండును. ఒకటి వేగమును, ఒకటి ఇంజను వేడిని, ఒకటి కందెన నూనె పీడనమును, మరొకటి ట్యాంకులో మిగిలిన ఇంధనమును చూపును. ట్యాంకు నిండుగా ఉన్నంత మాత్రమున ఇంజనుకు ఇంధనము సరిగా అందుచున్నదని చెప్పగలమా? చెప్పలేము. ఆ సంగతి తెలిసికొనుటకు ఇంధన పీడనమాపకము కావలెను. అది లేనిచో ఏ నష్టము కలుగునో, దానిని ఎక్కడ ఎట్లు అమర్చవలెనో ఒక ఉదాహరణముతో తెలిసికొందము.

రెండు పంపులు

డీజిల్ ఇంజనులో పెట్రోలు ఇంజనునందువలె నిప్పురవ్వ ఉండదు. సిలిండరులో గాలిని గట్టిగా అదిమినప్పుడు పుట్టిన వేడికే డీజిల్ తుంపరలు మండును. అట్లు అదిమిన గాలిలోనికి డీజిలును చిమ్ముటకు మిక్కిలి హెచ్చు పీడనము కావలెను. నేటి ఇంజన్లలో అది వాతావరణ పీడనమునకు వెయ్యి రెట్లు దాటును. ఈ పని చేయునది ఇంజెక్షను పంపు. ట్యాంకునుండి డీజిలును తెచ్చి, ఫిల్టరు గుండా ఇంజెక్షను పంపునకు అందించునది ఫీడు పంపు. దీని పీడనము చాల తక్కువ.

అమెరికాలో 1998 నడుమనుండి 2002 వరకు తయారైన డాడ్జి రామ్ పికప్ బండ్లలో కమిన్స్ వారి 5.9 లీటర్ల డీజిల్ ఇంజను ఉండెడిది. దానికి ఆరు సిలిండర్లు, 24 కవాటములు. ఇంజెక్షను పంపు బాష్ వారి వి.పి.44 రకము. ఫీడు పంపు విద్యుత్తుతో నడచుచు ఇంజను ప్రక్కనే బిగింపబడి ఉండెడిది.

వి.పి.44 లోని ఇంధన భాగములకు వేరుగా కందెన నూనె లేదు. డీజిలే వానికి కందెన. వానిని చల్లార్చునదియు డీజిలే. మండుటకు కావలసిన దానికన్న ఎక్కువ డీజిలు పంపులోనికి వచ్చి, మిగిలినది అక్కడి వేడిని తీసికొని తిరిగి ట్యాంకునకు పోవును. ఫీడు పంపు బలహీనపడినచో ఈ ప్రవాహము తగ్గును. కాని ఇంజను వెంటనే ఆగదు. ఎందుకనగా, వి.పి.44 లోపల చిన్న రెక్కల పంపు ఒకటి కలదు. అది కొంతవరకు డీజిలును తానే లాగికొనగలదు. బండి మామూలుగానే నడచుచుండును. లోపల మాత్రము భాగములు వేడెక్కి అరిగిపోవుచుండును. తుదకు చెడిపోవునది చవుక అయిన ఫీడు పంపు ఒక్కటియే కాదు, దానికి అనేక రెట్లు వెల గల ఇంజెక్షను పంపు కూడ. ఆ బండ్ల మాపకముల పలకపై ఇంధన పీడనమును చూపు ముల్లు లేదు. అందుచేతనే వాని యజమానులు అనేకులు ఈ మాపకమును తామే అమర్చుకొనిరి.

తరగతిలో ఒక ప్రయోగము

మాపకమును ఎక్కడ పెట్టవలెనో చిన్న ప్రయోగము వలన తెలియును. ఒక డబ్బాను ఎత్తయిన బల్లపై ఉంచి, దాని అడుగున ఒక గొట్టమును అడ్డముగా అమర్చుడు. గొట్టము చివర ఒక కుళాయి ఉండవలెను. గొట్టము పొడవున మూడు చోట్ల గాజు గొట్టములను నిలువుగా బిగించి, డబ్బాలో నీరు పోయుడు. కుళాయి మూసి ఉన్నంతసేపు మూడు గొట్టములలోను నీరు డబ్బాలోని మట్టమునకే నిలుచును. కుళాయి విప్పినచో, కుళాయి వైపునకు పోను పోను మట్టము మెట్లవలె దిగును. మరింత విప్పినచో మెట్లు ఇంకను లోతగును. ఇప్పుడు రెండవ, మూడవ గొట్టముల నడుమ కొంచెము దూది కూరి చూడుడు. దూదికి అవతల మట్టము ఒక్కసారిగా పడిపోవును.

ఆ దూది మడ్డి పట్టిన ఫిల్టరు వంటిది. కుళాయి ఇంజను వంటిది. దీని వలన రెండు సంగతులు తేలుచున్నవి. మొదటిది, ఫీడు పంపు వద్ద పీడనము బాగున్నను ఇంజెక్షను పంపు వద్ద బాగుండునన్న నియమము లేదు. కావున మాపకమును ఫిల్టరు దాటిన తరువాత, ఇంజెక్షను పంపు ముఖద్వారము వద్దనే కలపవలెను. రెండవది, ఇంజను ఊరక తిరుగునప్పటి కొలతను నమ్మరాదు. బరువుతో మిట్ట ఎక్కునప్పుడు ప్రవాహము హెచ్చును. లోపము అప్పుడే బయటపడును.

మాపకము పనిచేయు తీరు

జాతరలో పిల్లలు ఊదు కాగితపు చుట్టను చూచియుందురు. ఊదగానే అది విచ్చుకొనును. ఫ్రాన్సు దేశీయుడైన యూజీన్ బూర్డన్ 1849లో పేటెంటు పొందిన మాపకము ఇట్టి సూత్రముపైననే ఆధారపడినది. అందు చదునుగా నొక్కి వంచిన లోహపు గొట్టము ఉండును. లోపలి పీడనము పెరిగిన కొలది అది కొంచెము కొంచెముగా విచ్చుకొని ముల్లును త్రిప్పును. కాని ఇట్టి మాపకమును డ్రైవరు ముందు పెట్టినచో డీజిలు గొట్టము బండి లోపలికి రావలసియుండును. అది పగిలినచో ప్రమాదము. అందుచే విద్యుత్ మాపకము మేలు. ఇందు పీడనమును గ్రహించు సెండరు ఇంజను వద్దనే ఉండును. లోనికి వచ్చునది తీగ మాత్రమే.

చదరపు అంగుళమునకు 0 నుండి 30 పౌన్ల వరకు చూపు మాపకము ఈ బండికి తగినది. 100 పౌన్ల మాపకములో 10 పౌన్ల వద్ద ముల్లు కొంచెమే కదలును. చిన్న మార్పు కంటికి ఆనదు.

అమర్చు విధము

ఇంజను చల్లారిన తరువాత బ్యాటరీ ఋణధ్రువపు తీగను ఊడదీయవలెను. దగ్గరలో నిప్పు ఉండరాదు. ఇంజెక్షను పంపునకు డీజిలు తెచ్చు గొట్టమును పట్టి ఉంచునది నడుమ రంధ్రము గల బాంజో బోల్టు. దాని చుట్టును శుభ్రముగా తుడిచి, దానిని తీసి, తలలో మరచుట్లు కోసిన వేరొక బాంజో బోల్టును కొత్త వాషర్లతో బిగించవలెను. ఆ తలకు సన్నని సూది కవాటమును, దానికి డీజిలుకు తట్టుకొను రబ్బరు గొట్టమును కలిపి, గొట్టము చివర సెండరును ఇంజను అదురు తగలని చోట నిలుపవలెను.

సూది కవాటము ఎందుకు? ఇంజెక్షను పంపు నిమిషమునకు ఎన్నో మార్లు డీజిలు ప్రవాహమును తటాలున ఆపుచుండును. పరుగెత్తు ద్రవమును ఒక్కసారిగా ఆపినచో గొట్టములో సుత్తి దెబ్బ వంటి పీడనము పుట్టును. కుళాయిని విసురుగా కట్టినప్పుడు గొట్టము టక్కుమనుట ఇందువలననే. ఇట్టి దెబ్బలు సెండరును త్వరలో పాడుచేయును. కవాటమును కొంచెమే తెరచి ఉంచినచో దెబ్బలు అణగిపోవును. సగటు పీడనము మాత్రము ముల్లును చేరును.

విద్యుత్తును తాళము త్రిప్పినప్పుడే వచ్చు తీగనుండి ఫ్యూజు ద్వారా తీసికొనవలెను. తీగ లోనికి వచ్చు రంధ్రమునకు రబ్బరు కట్టు ఉండవలెను. తరువాత గొట్టములలోని గాలిని వెళ్ళగొట్టి, అతుకులు కారుచున్నవేమో చూడవలెను. ఇంజెక్షను పంపునుండి సిలిండర్లకు పోవు ఉక్కు గొట్టముల జోలికి మాత్రము ఎన్నడును పోరాదు. వానినుండి చిమ్ము సన్నని ధార చర్మమును చీల్చుకొని పోగలదు; దానిని చేతితో తడిమి వెదకరాదు.

ముల్లు చెప్పు మాట

ఈ ఇంజను ఊరక తిరుగునప్పుడు చదరపు అంగుళమునకు 10 నుండి 15 పౌన్లు ఉండుట మామూలు. పూర్తి బరువుతో పోవునప్పుడు 5 పౌన్లకు దిగినచో అపాయము దగ్గరపడినట్లే. ఫిల్టరుకు ముందు, వెనుక రెండు చోట్లను కొలిచి చూచిన మరీ మంచిది. ముందు బాగుండి వెనుక పడిపోయినచో ఫిల్టరు మార్చిన చాలును. రెండు చోట్లను తక్కువైనచో ఫీడు పంపునో, ట్యాంకునుండి వచ్చు గొట్టమునో అనుమానింపవలెను.

కందెనగా డీజిలు పాత్ర నేడు ఇంకను ఆలోచింపదగినది. మన దేశమున 2020 ఏప్రిలు 1 నుండి డీజిలులో గంధకము పది లక్షల పాళ్ళలో 10 పాళ్ళకు మించరాదు. గంధకమును తొలగించు ప్రక్రియలో డీజిలునకు సహజమైన జిడ్డుగుణము కూడ తగ్గును; ఆ లోటును వేరు ద్రవ్యములు చేర్చి పూరింతురు. జిడ్డుగుణము ఎంత చక్కగా ఉన్నను డీజిలు పంపునకు చేరనిచో ప్రయోజనము లేదు. చేరుచున్నదో లేదో ఇంజను చప్పుడు చెప్పదు, ముల్లు చెప్పును.