గ్యాస్ కాదు, కరెంటు: కారు ఏసీ చుట్టూ ఉన్న అపోహలు

ఎండాకాలంలో కారు ఏసీ ఆగిందంటే బండిలో ఉన్నవాళ్ల నోట మొదట వచ్చే మాట "గ్యాస్ అయిపోయినట్టుంది". షెడ్డుకి తీసుకెళ్తే చాలాచోట్ల గ్యాస్ నింపేస్తారు కూడా. డబ్బు పోతుంది, ఏసీ మాత్రం రాదు.

ముందు చూడాల్సింది చల్లదనం కాదు, గాలి. బ్లోయర్ తిరుగుతూ గాలి వెచ్చగా వస్తోందంటే గ్యాస్ సంగతో, కంప్రెసర్ సంగతో చూడాలి. అసలు గాలే రావడం లేదు, ప్యానెల్ మీద లైట్లే వెలగడం లేదంటే ఆ లోపానికీ గ్యాస్‌కీ సంబంధం లేదు. గ్యాస్ తగ్గితే ప్రెషర్ స్విచ్ ఆపేది కంప్రెసర్‌ని మాత్రమే. బ్లోయర్ జోలికి పోదు.

పెట్రోల్, డీజిల్ కార్లలో బ్లోయర్‌కి కరెంటు వచ్చే దారి మోడల్‌ని బట్టి కాస్త అటూఇటూ అయినా సుమారుగా ఇదే: బ్యాటరీ, ఫ్యూజు, ఇగ్నిషన్ స్విచ్ నడిపించే రిలే, బ్లోయర్ మోటార్, స్పీడు తగ్గించే రెసిస్టర్, చివరికి బాడీ ఎర్త్. సప్లై ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయిందో పట్టుకోవడమే అసలు పని. ఊహించి ఒక్కో పార్టూ మార్చుకుంటూ పోతే ఖర్చు తప్ప ఏమీ తేలదు.

అపోహ: ఫ్యూజు మాటిమాటికీ పోతోంది, కాస్త పెద్దది వేస్తే సరి

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. ఫ్యూజు ఉన్నది మోటార్‌ని కాపాడటానికని చాలామంది అనుకుంటారు. అది ముందుగా కాపాడేది వైరుని. ఆ వైరు ఎంత కరెంటు మోయగలదో లెక్కగట్టి కంపెనీవాళ్లు ఫ్యూజు పెడతారు. బ్లేడు ఫ్యూజుల్లో ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. పసుపు ఉన్నచోట ఆకుపచ్చ దిగ్గొట్టినా, రాగితీగ చుట్టినా, ఫ్యూజు నిలబడి దాని బదులు వైరు మాడుతుంది. ఆ వైరు మీ మోకాళ్ల దగ్గర, డాష్‌బోర్డు కింద ప్లాస్టిక్ మధ్యలో ఉంటుంది. మాడటంతో ఆగకుండా అంటుకోవచ్చు. అదే విలువ ఫ్యూజు రెండోసారి కూడా పోయిందంటే ఎక్కడో షార్ట్ ఉంది, లేదా మోటార్ బిగుసుకుని ఎక్కువ కరెంటు లాగుతోంది. ఎలుకలు వైరు కొరికిన కార్లూ తక్కువేం కాదు.

ఇంకో మాట. కంటికి బాగున్న ఫ్యూజు బాగున్నట్టు కాదు. లోపల వెంట్రుకవాసి పగులు ఉన్నా కనపడదు. స్విచ్ వేసి, టెస్ట్ ల్యాంప్ ఎర్త్ చేసి, ఫ్యూజు వీపు మీది రెండు చుక్కలకూ ఆనించండి. రెండింటి దగ్గరా వెలిగితే ఫ్యూజు మంచిదే. ఒకవైపే వెలిగితే పోయింది. రెండువైపులా వెలగకపోతే సప్లై ఫ్యూజు దాకానే రావడం లేదు.

అపోహ: మీటర్ 12 వోల్టులు చూపిస్తోంది కాబట్టి వైరింగ్ బాగుంది

అనుభవం ఉన్న ఎలక్ట్రీషియన్లు కూడా ఇక్కడే దెబ్బతింటారు. మల్టీమీటర్ దాదాపు కరెంటే తీసుకోదు. వైరులో ఒక్క పోగు మిగిలినా, కప్లర్‌కి చిలుం పట్టినా, అది 12 చూపించేస్తుంది. కుళాయి కట్టేసి ఉన్నంతసేపూ సగం పూడిన పైపులో కూడా ప్రెషర్ నిండుగానే ఉంటుంది. తిప్పాకే కదా ధార సన్నబడేది! బ్లోయర్ ఫుల్ స్పీడులో 20 ఆంపియర్లు లాగుతోందనుకోండి. కప్లర్ పిన్నులో 0.05 ఓం నిరోధం చాలు, ఒక వోల్టు అక్కడే పోతుంది, 20 వాట్ల వేడి ఆ చిన్న ప్లాస్టిక్ ముక్కలోనే పుడుతుంది. కప్లర్లు నల్లబడి కరిగిపోవడం వెనకున్న లెక్క ఇది. మార్చాల్సింది కరిగిన పిన్నుల్ని, కప్లర్‌ని. గీకి మళ్లీ తగిలిస్తే కొన్నాళ్లకు మళ్లీ అదే కథ.

కాబట్టి కప్లర్ పీకకుండా, స్విచ్ ఫుల్ స్పీడులో వేసి ఉంచి కొలవాలి. మీటర్ నల్ల తీగ బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర తీగ బ్లోయర్ ఎర్త్ వైరు మీద. సున్నాకి దగ్గరగా ఉంటే ఎర్త్ బాగుంది. అర వోల్టు దాటితే ఎర్త్ బోల్టు విప్పి, తుప్పు గీకి, బిగించండి. మోటార్ అసలు తిరగకుండా అక్కడ 12 కనిపించిందంటే ఎర్త్ పూర్తిగా తెగింది.

అపోహ: ఫుల్ స్పీడులో మాత్రమే తిరుగుతోంది, మోటార్ పోయింది

మోటార్ పోతే ఫుల్‌లో మాత్రం ఎలా తిరుగుతుంది? మాన్యువల్ ఏసీలో తక్కువ స్పీడులన్నీ రెసిస్టర్ మీదుగా వస్తాయి, ఫుల్ స్పీడు దాన్ని తప్పించుకుని నేరుగా వస్తుంది. పోయింది రెసిస్టర్, లేదా దాని కప్లర్.

కానీ కొత్త రెసిస్టర్ వేసి ఊరుకోవద్దు. నా కారులో ఒకే వేసవిలో రెండు మాడాయి. మూడోది వేసే ముందు క్యాబిన్ ఫిల్టర్ బయటికి లాగితే వేపాకులు, దుమ్ము కలిసి గడ్డకట్టి ఉన్నాయి. రెసిస్టర్‌ని గాలి దారిలో పెట్టేది అది చల్లబడాలనే. ఫిల్టర్ మూసుకుపోతే ఆ గాలి అందక అది మాడుతుంది. ఫిల్టర్ శుభ్రంగా ఉన్నా మాడుతోందంటే మోటార్ బుష్‌లు బిగుసుకున్నాయేమో చేత్తో తిప్పి చూడండి.

అపోహ: రిలే టిక్‌మంటోంది, అది బాగానే ఉంది

ఆ చప్పుడు కాయిల్ పనిచేస్తోందని మాత్రమే చెబుతుంది. లోపలి కాంటాక్టులు మాడి ఉంటే టిక్‌మన్నా కరెంటు దాటదు. అదే నంబరున్న ఇంకో రిలే మార్చి పెట్టి చూస్తే నిమిషంలో తేలిపోతుంది.

ఇక రిలేని నడిపించే ఇగ్నిషన్ స్విచ్ సంగతి. సెల్ఫ్ కొట్టేటప్పుడు ప్యానెల్ ఆరడం చాలా కార్లలో లోపం కాదు. స్టార్టర్‌కి బలం మిగలాలని ఆ కాసేపు కావాలనే ఆపుతారు. బండి స్టార్ట్ అయ్యాక తాళంచెవి కదిపితే తప్ప రాకపోతే మాత్రం ఇగ్నిషన్ స్విచ్ అరిగింది.

అపోహ: మన ఎండలకి హీటర్‌తో పనేంటి, ప్యానెల్ తర్వాత చూసుకోవచ్చు

డిసెంబరులో తెల్లవారుజామున లంబసింగి ఘాట్ ఎక్కినవాళ్లు ఈ మాట అనరు. ముందు గ్లాసు లోపలివైపు ఆవిరి పట్టి దారి కనపడకపోతే దాన్ని తొలగించేది ఈ ప్యానెలే. హీటర్ బ్యాటరీని తినేస్తుందన్న భయమూ వద్దు. పెట్రోల్, డీజిల్ బండ్లలో ఆ వేడి ఇంజన్ కూలెంట్‌ది, కరెంటు పోయేది ప్రధానంగా బ్లోయర్‌కి.

ఎలక్ట్రిక్ కార్ల లెక్క వేరు. వాటిలో చాలావరకు వేడి కూడా పెద్ద బ్యాటరీ నుంచే వస్తుంది. అయినా పెద్ద బ్యాటరీ నిండుగా ఉంటే ప్యానెల్ ఆరిపోదనుకోవడం తప్పు. ఎక్కువ కార్లలో ప్యానెల్ నడిచేది విడిగా ఉండే 12 వోల్టుల చిన్న బ్యాటరీ మీద. అది దిగితే ప్యానెల్ చీకటే. ఆ చిన్న బ్యాటరీని, దాని ఫ్యూజుల్ని చూసుకోండి. నారింజ రంగు కేబుల్స్ జోలికి మాత్రం వెళ్లవద్దు, వాటిలో ఉండేది ప్రాణం తీసే వోల్టేజీ. ఏ కారులోనైనా డాష్‌బోర్డు కింద పసుపు కప్లర్లు కనిపిస్తే వాటికి టెస్ట్ ల్యాంప్ ఆనించకండి, అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌లవి.