ప్రేగును మరల కలుపుట: పెద్దకోతయా, చిన్నరంధ్రమా?

శస్త్రచికిత్స యనగానే కత్తి, గాయము, మచ్చ కన్నులయెదుట నిలుచును. గాయ మెంత చిన్నదైన వైద్య మంత గొప్పదని లోకులు తలచుట అందుచేతనే. పిత్తాశయమును తొలగించుట వంటి చికిత్సలలో ఈ తలంపు చాలవరకు నిజమే. కాని ఇలియాస్టమీని మూసి ప్రేగును మరల కలుపుటలో ఈ కొలబద్ద సరిగా పనిచేయదు. ఏల పనిచేయదో తెలియవలెనన్న, ముందు ఇలియాస్టమీ యననేమో తెలియవలెను.

పెద్దవారిలో చిన్నప్రేగు ఇంచుమించు 6 మీటర్ల పొడవుండును. దాని తుదిభాగమునకు ఇలియమ్ అని పేరు. ఆ భాగమును పొట్టగోడలో చేసిన రంధ్రముగుండ వెలికి తెచ్చి చర్మమునకు కుట్టుటయే ఇలియాస్టమీ. ఆ నోటికి స్టోమా అని పేరు. మలము అచటినుండి పొట్టపై అంటించిన సంచిలోనికి దిగును. పురీషనాళమున పుట్టిన క్యాన్సరును కోసివేసి, మిగిలిన కొనలను క్రిందుగా కలిపినప్పుడు ఆ క్రొత్త అతుకు విడిపోవునేమో యను భయము కలదు. అది మానువరకు మలప్రవాహమును పైననే ప్రక్కకు మళ్లింతురు. కాలువకట్టకు పడిన గండిని పూడ్చునప్పుడు రైతు నీటిని వేరొక పాయకు మళ్లించుట యిట్టిదే. ఇట్టి తాత్కాలికపు ఏర్పాటులో ప్రేగును పూర్తిగా తెంపక, మడతవలె వెలికి లాగి తెరతురు. రెండు నోళ్లును ఒకే రంధ్రముకడ నుండును. పాఠకులు ఈ యొక్క సంగతి జ్ఞాపకముంచుకొనవలెను.

చిన్నప్రేగు రసము చర్మమును తినివేయును. 1952లో ఇంగ్లండునందలి బర్మింగ్‌హామ్ శస్త్రవైద్యుడు బ్రయన్ బ్రూక్, ప్రేగుకొనను చొక్కాచేతివలె వెలుపలికి మడిచి చిన్నముక్కువలె నిలుపు పద్ధతిని ప్రకటించెను. దానితో చర్మబాధ చాల తగ్గినది. అయినను పెద్దప్రేగు పీల్చుకొనవలసిన నీరును ఉప్పును సంచిపాలగుట తప్పలేదు. దినమునకు లీటరున్నర మించి పోవుచుండెనా, శరీరము శోషించి మూత్రపిండములకు చేటు కలుగవచ్చును. రోగి దినములు లెక్కపెట్టుకొనుట వింతకాదు. సాధారణముగా రెండు మూడు నెలలకు, క్యాన్సరు మందులు ఇంకను ఈయవలసియున్నచో మరికొంత తరువాత, ప్రేగును కలుపుదురు. క్రింది అతుకు మానినదని ముందుగా పరీక్షించి చూతురు.

ఇక రెండు మార్గములు. మొదటిదానిని 'తెరచి చేయుట' యందురుగాని, అందు పొట్టను నిలువున చీల్చుట సాధారణముగా ఉండదు. స్టోమా చుట్టును చర్మమును కోసి, ప్రేగును పొట్టగోడనుండి విడదీసి, ఆ రెండు నోళ్లను చేతికుట్లతోగాని స్టేప్లరుతోగాని కలిపి, లోనికి జార్చి, కండరపుపొరను మూయుదురు. ద్వారము ముందే యున్నది. క్రొత్తగా తెరువవలసినది లేదు.

రెండవది లాపరోస్కోపీ. కీహోల్ అని దీనికి ముద్దుపేరు. తాళపుచెవి దూరునంత సందని యర్థము. పొట్టను బొగ్గుపులుసు వాయువుతో ఉబ్బించి, అరసెంటీమీటరు మొదలు సెంటీమీటరుకు పైబడిన రంధ్రములగుండ కెమెరాను, పనిముట్లను పంపుదురు. 1980లో జర్మనీయందు కీల్ నగరమున కుర్ట్ జెమ్ అను స్త్రీరోగవైద్యుడు ఈ విధముగా అపెండిక్సును తీసినప్పుడు తోటివైద్యులే ఆక్షేపించిరి. నేడది నిత్యకృత్యము. అయితే ఇలియాస్టమీయందు స్టోమాను విడదీయక తప్పదు, దాని రంధ్రమును మూయక తప్పదు. అనగా కీహోల్ పద్ధతిలో ఉన్న రంధ్రమునకు మరి రెండు మూడు రంధ్రములు తోడగును!

మరి దాని ప్రయోజనమేమి? చూపు. మొదటి శస్త్రచికిత్స తరువాత ప్రేగులు ఒండొంటికిని, పొట్టగోడకును అంటుకొనిపోవును. ఇరుకురంధ్రముగుండ చేతితడుముడుతో వానిని విడదీయబోయినచో ప్రేగు చిరుగవచ్చును. కెమెరా ఆ అంటులను కన్నులకు కట్టి చూపును; పాతమచ్చలో హెర్నియా దాగియున్నను బయటపెట్టును. ఈ పద్ధతిలో రోగులు ఆసుపత్రి కొంత త్వరగా విడిచిరని చూపిన పరిశీలనలు కలవు. అయితే పూర్తి మత్తు కావలెను, వ్యయమును ఎక్కువే. అంటులు కొద్దిగానున్న రోగికి ఈ యార్భాటము అక్కరలేకపోవచ్చును.

ప్రేగును పూర్తిగా తెంపి ఒక కొననే వెలికి తెచ్చినచోట కథ వేరు. రెండవ కొన లోపలెక్కడనో యుండును. దానిని వెదకుటకు తెరచి చేయు మార్గమున పొట్టను నడుమ నిలువుగా కోయవలసివచ్చును. కీహోల్ పద్ధతికి నిజమైన గౌరవ మిచ్చటనే. అంటులు మరీ దట్టమైనచో వైద్యుడు దానిని విడిచి పొట్టను తెరచును. అది ఓటమి కాదు, వివేకము.

కోత యేదైనను అసలు పరీక్ష అతుకుది. సుశ్రుతుడు చిల్లిపడిన ప్రేగు అంచులను చేర్చి, గండుచీమలచే కరపించి, తలలు నిలుచునట్లు మొండెములను త్రుంచుమని చెప్పెను. పనిముట్లు మారినవిగాని చింత అదియే: అతుకు కారరాదు, దారి మూసుకొనరాదు. ఆపై గాయమున చీము, కొన్ని నెలలకు హెర్నియా అను భయములు. చర్మమును అడ్డముగా కుట్టివేయక, సంచిమూతి త్రాటిని లాగినట్లు చుట్టుకుట్టు వేసి నడుమ చిన్నసందు విడిచినచో చీము తగ్గునని రుజువైనది. ఐరోపాలో 790 మందిపై జరిపి 2020లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిన పరిశోధనలో, మూయునప్పుడు జంతుచర్మముతో చేసిన వల నమర్చినవారిలో రెండేండ్లకు నూటికి 12 మందికి హెర్నియా కనబడగా, అమర్చనివారిలో 20 మందికి కనబడినది. రంధ్రము నెట్లు మూసిరన్నది, కెమెరా వాడిరా లేదా యనుదానికి తీసిపోని ప్రశ్న.

పురీషనాళమును చాలవరకు కోల్పోయినవారికి, కలిపినపిదప కొన్ని నెలలవరకు మాటిమాటికి, ఒక్కొక్కప్పుడు ఆపుకొనలేనంత తొందరగా, విరేచనము కావచ్చును. అది ఏ మార్గమున కలిపినను ఒక్కటే. తరగతిలో ముప్పావుగంట కదలక నిలువవలసిన ఉపాధ్యాయునికి ఈ సంగతి కోతపొడవుకన్న ముఖ్యము. సెలవు ఎప్పటివరకు పెట్టవలెనో, ఏ గది స్నానాలగదికి దగ్గరగా నున్నదో చికిత్సకు ముందే చూచుకొనవలసియుండును.