తోడుకోని పాలు

మా గోదావరి పల్లెలో పాలు దాలిలో కాగేవి. పొద్దున్న పితికిన పాలు పిడకల సెగ మీద సాయంత్రం దాకా ఉండి ఎర్రబడి, పైన అట్టలా మీగడ కట్టేవి. గోరువెచ్చగా చల్లారాక అమ్మ చెంచాడు చేమిరి వేసి ఉట్టి మీద పెట్టేది. తెల్లారేసరికి గడ్డపెరుగు. పాలు తోడుకోని రోజు కూడా ఉంటుందని నాకు పదేళ్లు వచ్చేదాకా తెలియదు.

ఆ ఏడు మా గేదెకి పొదుగువాపు వచ్చింది. పశువుల డాక్టరు చన్నుల్లోకి మందు ఎక్కించాడు. మర్నాటి పాలకి అమ్మ ఎప్పటిలాగే తోడు పెట్టింది. పొద్దున్న మూత తీస్తే పాలు పాలలాగే ఉన్నాయి. "ఎవరి కళ్లు పడ్డాయో" అంది నాయనమ్మ. చేమిరి పాడైందేమోనని అమ్మ పక్కింటి నుంచి తెచ్చి వేసింది. రెండో రోజూ అంతే.

దీనికి జవాబు చాలా ఏళ్లకి, మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ క్లాసులో దొరికింది. పొదుగులో ఎక్కించిన యాంటీబయాటిక్ పాలలోకి దిగుతుంది, కాచినా పూర్తిగా పోదు. చేమిరిలో ఉండేవి ల్యాక్టిక్ యాసిడ్ బ్యాక్టీరియా. పాలలోని ల్యాక్టోజ్ అనే చక్కెరను తిని అవి ఆమ్లాన్ని వదులుతాయి. ఆ పులుపు పెరిగేకొద్దీ విడివిడిగా తేలుతున్న కేసిన్ అనే మాంసకృత్తు రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని వలలా అల్లుకుంటాయి. ఆ వలలో నీరంతా చిక్కుకుంటే పెరుగు. మా గిన్నెలో ఆ బ్యాక్టీరియా పెరగనే లేదు, పులుపు పుట్టలేదు. పాలలో మందు కలిసిందని మాకు చెప్పగలిగింది ఆ చెంచాడు చేమిరి ఒక్కటే. డెయిరీల్లో పాలను పరీక్షించే ఒక పద్ధతి కూడా ఇదే: బ్యాక్టీరియాను ఆ పాలలో వదిలి, పెరుగుతాయో లేదో చూస్తారు.

బ్యాక్టీరియా చెప్పే ఈ సాక్ష్యాన్ని ఇంకో రకంగా వాడుకున్నవారిలో మన భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. ఆయన తోబుట్టువులను స్ప్రూ అనే పేగుజబ్బు పొట్టన పెట్టుకుంది, ఆయనా దానితో బాధపడ్డారు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ పదార్థం కాలేయంలో ఎంత ఉందో, తాము చేసినదాంట్లో ఎంత ఉందో తేల్చడానికి వాళ్లకి కొలబద్ద ల్యాక్టోబాసిల్లస్ కేసీ, అంటే పెరుగు, జున్ను పులిసేందుకు పనికొచ్చే జాతికి చెందిన బ్యాక్టీరియా. ఫోలిక్ ఆమ్లం అందితేనే అది పెరుగుతుంది. కడుపుతో ఉన్న ఆడపిల్లలకి ఏఎన్ఎం ఇచ్చే ఫోలిక్ ఆమ్లం మాత్ర చూసినప్పుడల్లా నాకు ఆ బ్యాక్టీరియా గుర్తొస్తుంది.

  

నిరుడు పన్నుపోటుకి నేను వారం రోజులు యాంటీబయాటిక్ వాడాను. మూడో రోజుకే కడుపు చెడింది. అమ్మ గిన్నెలో జరిగిందే నా పెద్దపేగులో జరుగుతోందనిపించింది. అక్కడ కాపురముండే బ్యాక్టీరియా మనం అరిగించుకోలేని పీచును తిని, పేగు గోడ కణాలకి తిండిగా బ్యూటిరేట్‌ను తయారుచేస్తాయి. పుల్లని పాలు తాగే బల్గేరియా రైతుల దీర్ఘాయుష్షుకి ఆ పాలలోని బ్యాక్టీరియానే కారణమని 1908లో నోబెల్ పొందిన శాస్త్రవేత్త మెచ్నికాఫ్ నమ్మాడు. అయితే పెరుగులోని బ్యాక్టీరియా మన పేగుల్లో స్థిరపడవు. చుట్టపు చూపుగా వచ్చి, పాలు పడని వాళ్లకి ల్యాక్టోజ్ అరగడానికి సాయం చేసి వెళ్లిపోతాయి. అందుకే మజ్జిగ తాగుతూనే కాపురస్తుల కోసం తోటకూర, బొబ్బర్లు, జామకాయలు తినమంటాను. జలుబు చేస్తే మందుల షాపుకి పోయి యాంటీబయాటిక్ అడగొద్దని నా విద్యార్థులకి ముప్పై ఏళ్లు చెప్పాను. జలుబు వైరస్ వల్ల వస్తుంది. ఆ మాత్ర దాన్ని ఏమీ చేయదు, కడుపులోని వాటిని మాత్రం చంపుతుంది. పన్నులో చీము పడి డాక్టరు రాసిస్తే వాడాల్సిందే, నేనూ వాడాను.

ఆ ఏడు, తోడుకోని పాలను అమ్మ రోజూ పెరట్లో పారబోసింది. ఆరో రోజు పొద్దున్న ఉట్టి మీంచి గిన్నె దించి, ఒక పక్కకి వంచి చూసింది. పెరుగు కదల్లేదు. అంచున కాస్త చెంచాతో తీసి ముందు నాలుక మీద వేసుకుని, మిగతాది నా చద్దన్నంలో వేసింది.