పరుగునకు బుద్ధితో పని యేమి?

2024 సెప్టెంబరు 3వ తేదీన పారిస్ పారాలింపిక్ క్రీడలలో వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామమునకు చెందిన జీవంజి దీప్తి 400 మీటర్ల పరుగును 55.82 సెకన్లలో ముగించి కాంస్య పతకమును గెలిచినది. మేధావైకల్యము గల క్రీడాకారులకై ఏర్పరచిన పోటీ యిది.

కాళ్ళతో పరుగెత్తుటకు బుద్ధితో పని యేమని సందేహము కలుగవచ్చును. లెక్క చూడుడు. సగటున ప్రతి 100 మీటర్లకు ఆమెకు సుమారు 14 సెకన్లు పట్టినవి. మొదటనే శక్తినంతయు వెచ్చించినచో చివరి వంద మీటర్లలో కాళ్ళు బరువెక్కును. మరీ దాచుకొన్నచో ప్రత్యర్థులు అందరు. మిగిలిన దూరమెంత, మిగిలిన శక్తి యెంత అని క్షణక్షణము అంచనా వేయుట మెదడు పని. మేధావైకల్యము గలవారికి ఈ అంచనాయే కష్టము.

కనుక శిక్షకుడు దీర్ఘముగ వివరింపక చేసి చూపవలెను. ఒక్కసారి ఒక్క విషయమే చెప్పవలెను. వేగము శరీరమునకు అలవాటగు వరకు మరల మరల పరుగెత్తింపవలెను. సరిగా చేసిన వెంటనే మెచ్చుకొనవలెను. తప్పునకు కసరినచో భయము మిగులును గాని పాఠము మిగులదు.

దీప్తిని పాఠశాల పోటీలలో గుర్తించి హైదరాబాదులో తీర్చిదిద్దినవారు శిక్షకులు నాగపురి రమేశ్. చిన్ననాడు ఊరిలో హేళనకు గురియైన బాలిక ఆమె.

పతకము అందరికిని రాదు. కాని స్నేహితులు, ఆత్మవిశ్వాసము, ఆరోగ్యము మైదానమున అందరికిని లభింపగలవు. లక్డీకాపూల్ చేరువనున్న లాల్ బహదూర్ స్టేడియమునకు జట్టును తీసికొనివచ్చు ఉపాధ్యాయులారా! పాఠము ఆలస్యముగ గ్రహించు విద్యార్థిని తరగతిలోనే విడిచి రాకుడు.