చిన్న ఊరి బడి నుంచి ప్రపంచ నంబర్‌ వన్‌

ఎత్తు 156 సెంటీమీటర్లు. పెరిగింది కొండల మధ్య ఓ చిన్న ఊళ్లో. చదివింది ఆ ఊరి సర్కారు బడిలో. మూడు ఒలింపిక్స్‌ ఆడినా ఒక్క పతకం కూడా రాలేదు. అయినా మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్‌! జపాన్‌ షట్లర్‌ అకానె యమగుచి కెరియర్‌ను కాస్త దగ్గరగా చూస్తే, ఉద్యోగాల వేటలో ఉన్న మనకు పనికొచ్చే సంగతులు చాలానే దొరుకుతాయి.

2021 జులై 30. టోక్యో ఒలింపిక్స్‌ మహిళల సింగిల్స్‌ క్వార్టర్‌ ఫైనల్‌. ఆ రోజు పీవీ సింధు గెలిచిందని మనమంతా సంబరపడ్డాం. స్కోరు 21-13, 22-20. నెట్‌కు అవతలి వైపు ఉన్న అమ్మాయి గురించి అప్పుడు పెద్దగా ఎవరూ ఆలోచించలేదు. సొంత దేశంలో జరుగుతున్న ఒలింపిక్స్‌. రెండో గేమ్‌లో 20-18 ఆధిక్యం. ఇంకొక్క పాయింటు వస్తే మ్యాచ్‌ మూడో గేమ్‌కి వెళ్లేది. కానీ సింధు వరుసగా నాలుగు పాయింట్లు కొట్టేసింది. యమగుచి ఇంటికి.

సరిగ్గా ఐదు నెలలు కూడా గడవలేదు. డిసెంబరు 19న స్పెయిన్‌లోని హ్యుయెల్వాలో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ ఫైనల్‌. తైవాన్‌ స్టార్‌ తై జు యింగ్‌ మీద 21-14, 21-11తో గెలిచి, అదే యమగుచి తొలిసారి ప్రపంచ ఛాంపియన్‌ అయింది. ఈ మధ్యలో ఏదో మంత్రం పనిచేసిందనుకుంటే పొరపాటే. ఆ గెలుపు వెనక పదేళ్ల కథ ఉంది.

పేరున్న స్కూలుకి వెళ్లలేదు

యమగుచి 1997 జూన్‌ 6న పుట్టింది. సొంతూరు ఫుకుయి ప్రిఫెక్చర్‌లోని కత్సుయామా. జనాభా పాతిక వేల లోపే. చలికాలమంతా మంచు. ఒకప్పుడు బట్టల మిల్లులకు పేరు. ఇప్పుడైతే డైనోసార్‌ శిలాజాలు, వాటి మ్యూజియం చూడటానికే బయటివాళ్లు వస్తుంటారు. అలాంటి ఊళ్లో అన్నలు ఆడుతుంటే చూసి, తానూ చిన్నప్పుడే రాకెట్‌ పట్టుకుంది.

జపాన్‌లో స్కూలు క్రీడలు చాలా సీరియస్‌ వ్యవహారం. కొన్ని హైస్కూళ్లు ఒక్కో ఆటకు అడ్డాలు. దేశమంతా గాలించి ప్రతిభ ఉన్న పిల్లల్ని తెచ్చుకుంటాయి. మన దగ్గర ఐఐటీ కోచింగ్‌కి పిల్లలు ఊరొదిలి వెళ్లినట్టే, అక్కడ ఆట కోసం ఊరొదిలి వెళ్తారు. మనకు బాగా తెలిసిన నొజోమి ఒకుహరనే చూడండి. 2017లో గ్లాస్గోలో సింధుతో 110 నిమిషాలు పోరాడి ప్రపంచ టైటిల్‌ గెలిచింది ఆమే. ఒకుహర సొంతూరు నగానో ప్రిఫెక్చర్‌. ఆట కోసం సైతామాలోని ఒమియా హిగాషి హైస్కూలులో చేరింది.

యమగుచి ఆ దారిలో వెళ్లలేదు. మిడిల్‌ స్కూల్లో ఉండగానే జాతీయ జట్టులోకి వచ్చిన అమ్మాయి! తలచుకుంటే ఏ పెద్ద స్కూల్లోనైనా సీటు దొరికేది. అయినా తన ఊళ్లోని కత్సుయామా హైస్కూల్లోనే చేరింది. అక్కడ చదువుతూనే అంతర్‌ హైస్కూలు జాతీయ పోటీల్లో వరుసగా మూడేళ్లు సింగిల్స్‌ టైటిల్‌ గెలిచింది.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించాలి. ఊళ్లో ఉండిపోయినంత మాత్రాన ఆమె ఊరివాళ్లతోనే పోటీ పడుతూ కూర్చోలేదు. జాతీయ శిబిరాలకు వెళ్లింది. జూనియర్‌ టోర్నీల కోసం దేశాలు తిరిగింది. 2012లో చిబాలో జరిగిన ప్రపంచ జూనియర్‌ ఫైనల్లో ఒకుహర చేతిలో ఓడింది. ఆ తర్వాత 2013, 2014లో అదే టైటిల్‌ను వరుసగా రెండుసార్లు గెలిచింది. అంటే ఉన్నది చిన్న ఊళ్లోనే గానీ, తనను తాను కొలుచుకున్నది మాత్రం ప్రపంచంలోని మేటి ఆటగాళ్లతో.

పదహారేళ్లకే సంచలనం

2013 సెప్టెంబరు. టోక్యోలో జపాన్‌ ఓపెన్‌ సూపర్‌ సిరీస్‌. యమగుచికి అప్పుడు పదహారేళ్లు. మెయిన్‌ డ్రాలో నేరుగా చోటు దొరికేంత ర్యాంకు లేదు కాబట్టి క్వాలిఫయింగ్‌ మ్యాచ్‌లు ఆడి లోపలికి వచ్చింది. ఆ టోర్నీలో ఆమె ఓడించిన వాళ్లలో మన సింధు కూడా ఉంది. అప్పటికి నెల కిందటే సింధు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం గెలిచి మంచి ఊపులో ఉంది మరి!

ఒక్కో రౌండూ దాటుకుంటూ ఈ హైస్కూలు విద్యార్థిని ఏకంగా టైటిల్‌ పట్టుకుపోయింది. అప్పటివరకు సూపర్‌ సిరీస్‌ టైటిల్‌ గెలిచినవాళ్లలో అందరికన్నా చిన్నది తనే. క్వాలిఫయర్‌ అంటే ఏంటి? మన భాషలో చెప్పాలంటే క్యాంపస్‌ డ్రైవ్‌కు పిలుపు రాక, ఆఫ్‌ క్యాంపస్‌లో లైన్లో నిల్చుని, అదనంగా రెండు రౌండ్లు రాసి లోపలికి వెళ్లిన అభ్యర్థి. లోపలికి వెళ్లాక మాత్రం అందరికీ ఒకటే కోర్టు, ఒకటే నెట్‌.

నెట్‌ కన్నా కాస్తే ఎత్తు

బ్యాడ్మింటన్‌ నెట్‌ మధ్యలో 1.524 మీటర్ల ఎత్తు ఉంటుంది. యమగుచి ఎత్తు 1.56 మీటర్లు. అంటే తల మాత్రం నెట్‌ పైకి కనిపిస్తుందంతే. సింధు దాదాపు 1.79 మీటర్లు. ఎత్తున్నవాళ్లకు స్మాష్‌ బాగా కిందికి దిగుతుంది, రెండడుగులేస్తే కోర్టు మూలలు అందుతాయి. యమగుచికి ఆ సౌకర్యాలు రెండూ లేవు.

మరి ఏం చేసింది? ఇక్కడ కాస్త ఫిజిక్స్‌ ఉంది. షటిల్‌ రాకెట్‌ నుంచి మెరుపులా బయల్దేరుతుంది కానీ, ఈకల వల్ల గాలి నిరోధం ఎక్కువై గబుక్కున వేగం తగ్గిపోతుంది. అందుకే దాని దగ్గరికి ఎంత ముందు చేరుకుంటే ఆటగాడి చేతిలో అన్ని దారులుంటాయి. స్మాష్‌ కొట్టొచ్చు, డ్రాప్‌ వేయొచ్చు, వెనక్కి నెట్టొచ్చు. ఆలస్యమైతే మిగిలేది ఒక్కటే, ఎలాగోలా పైకి లేపడం. యమగుచి తన ఆటనంతా ఈ ‘ముందు చేరుకోవడం’ మీదే కట్టుకుంది. పాదాల వేగం, ఎగిరి కొట్టడం, అందని షటిల్‌కు నేల మీద పడి మరీ రాకెట్‌ అడ్డం పెట్టడం, చివరి క్షణంలో మణికట్టు తిప్పి దిశ మార్చడం.. ఇవే ఆమె ఆయుధాలు. ప్రత్యర్థి పాయింటు అయిపోయిందనుకున్నాక కూడా షటిల్‌ తిరిగి వస్తూనే ఉంటుంది. ఆడేవాళ్లకు విసుగు, చూసేవాళ్లకు పండగ.

తన దగ్గర లేనిదాన్ని దాచుకోవడానికి ప్రయత్నించలేదు. ఉన్నదాన్ని అవతలివాళ్లు తట్టుకోలేనంత సాన పట్టింది.

పతకాల వెనక ఉద్యోగం

కెరియర్‌ పేజీ పాఠకులకు బాగా ఆసక్తి కలిగించే భాగం ఇది. హైస్కూలు అయిపోగానే 2016 ఏప్రిల్‌లో యమగుచి ఉద్యోగంలో చేరింది. జపాన్‌లో కొత్త ఉద్యోగులంతా చేరేది ఏప్రిల్‌లోనే. ఆమె చేరిన కంపెనీ పేరు సైషుంకన్‌ ఫార్మాస్యూటికల్‌. కుమమోతో ప్రిఫెక్చర్‌లోని మషికి అనే ఊళ్లో ఉంటుంది. చర్మ సౌందర్య ఉత్పత్తులకు ప్రసిద్ధి.

సౌందర్య ఉత్పత్తుల కంపెనీకి బ్యాడ్మింటన్‌తో పనేంటి? జపాన్‌లో కంపెనీలే ఆటగాళ్లను ఉద్యోగులుగా తీసుకుని జట్లు నడుపుతాయి. నెల జీతం, కోచ్‌, కోర్టు అన్నీ కంపెనీవే. ఆ జట్లకు ప్రత్యేకంగా దేశవాళీ లీగ్‌ ఉంది. మన దగ్గర రైల్వేస్‌, ఓఎన్‌జీసీ క్రీడాకారులకు ఉద్యోగాలిచ్చినట్టే అనుకోండి. కాకపోతే అక్కడ ప్రైవేటు కంపెనీలు ఎక్కువ. సైషుంకన్‌ జట్టుకు ఇంకో చరిత్ర కూడా ఉంది. ఇది అంతకుముందు చిప్‌ల తయారీ సంస్థ రెనెసాస్‌ జట్టు. 2015లో సైషుంకన్‌ చేతికి వచ్చింది. కంపెనీ మారినా జట్టు బతికింది.

యమగుచి ఉద్యోగంలో చేరిన నెలలోనే, ఏప్రిల్‌ 14న, మళ్లీ 16న కుమమోతోను భారీ భూకంపాలు కుదిపేశాయి. ఎక్కువగా దెబ్బతిన్న ఊళ్లలో మషికి ఒకటి. రియో ఒలింపిక్స్‌కు నాలుగు నెలలే టైముంది. ఫ్రెషర్‌గా మొదటి నెల ఎంత కంగారుగా ఉంటుందో మనకు తెలుసు. ఈమె మొదటి నెల అలా గడిచింది.

కంపెనీ జట్లతో పాటు మరో పెద్ద మార్పు కూడా జపాన్‌కు కలిసొచ్చింది. 2004లో కొరియా డబుల్స్‌ దిగ్గజం పార్క్‌ జూ బాంగ్‌ హెడ్‌ కోచ్‌గా వచ్చాడు. అంతకుముందు ఆటగాళ్లు ఏడాదంతా ఎవరి కంపెనీలో వాళ్లు సాధన చేసి, టోర్నీ ముందే కలిసేవారు. ఆయన వాళ్లను ఏడాది పొడవునా జాతీయ శిబిరాల్లో కలిపి ఆడించాడు. 2008లో టోక్యోలో జాతీయ శిక్షణ కేంద్రం తెరిచాక అది ఇంకా సులువైంది. దేశవాళీ ప్రత్యర్థులే రోజూ ప్రాక్టీస్‌ భాగస్వాములయ్యారు. ఫలితం? 2018లో జపాన్‌ అమ్మాయిలు 37 ఏళ్ల తర్వాత ఉబెర్‌ కప్‌ గెలిచారు. ఆ జట్టులో యమగుచి, ఒకుహర ఇద్దరూ ఉన్నారు.

ర్యాంకు ఒకటి.. పతకం సున్నా

2018 ఏప్రిల్‌లో యమగుచి ప్రపంచ నంబర్‌ వన్‌ అయింది. మహిళల సింగిల్స్‌లో ఆ ర్యాంకు అందుకున్న తొలి జపాన్‌ అమ్మాయి తనే. ఇక్కడితో కథ సుఖాంతం అయితే ఇది మామూలు విజయగాథే. కానీ అసలు పరీక్ష ఆ తర్వాతే మొదలైంది.

2018 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ సెమీస్‌లో సింధు చేతిలో ఓటమి. 2019లో బాసెల్‌లో టాప్‌ సీడ్‌గా దిగి, తొలి మ్యాచ్‌లోనే సింగపూర్‌ అమ్మాయి యో జియా మిన్‌ చేతిలో ఓడింది. ఒలింపిక్స్‌లో అయితే మూడుసార్లూ క్వార్టర్‌ ఫైనలే గోడ. 2016 రియోలో ఒకుహర, 2021 టోక్యోలో సింధు, 2024 పారిస్‌లో కొరియా అమ్మాయి ఆన్‌ సె యంగ్‌ ఆమెను ఓడించారు. ఆ ముగ్గురూ ఆయా ఒలింపిక్స్‌లో పతకాలు గెలిచినవాళ్లే. ఆన్‌ సె యంగ్‌ది స్వర్ణం.

నంబర్‌ వన్‌ ఇలా ఓడటం ఏంటి? లెక్క చూస్తే అర్థమవుతుంది. బ్యాడ్మింటన్‌ ర్యాంకును గత 52 వారాల్లో ఆడిన టోర్నీల్లో మెరుగైన పదింటి పాయింట్లతో కడతారు. అంటే అది ఏడాది మొత్తం చేసిన పనికి మార్కు. నాకౌట్‌ మ్యాచ్‌ అలా కాదు, ఆ గంటలో ఎలా ఆడామన్నదే ముఖ్యం. మన సీజీపీఏకి, ఇంటర్వ్యూకి ఉన్న తేడా లాంటిదే ఇది. ఎనిమిది సెమిస్టర్ల కష్టం ఉన్నా, ఇరవై నిమిషాల ఇంటర్వ్యూలో నోరు పెగలకపోవచ్చు. అది దురదృష్టం కావచ్చు, ఆ రోజు అవతలివాళ్లు మనకన్నా మెరుగ్గా ఉండొచ్చు. అంతమాత్రాన ఎనిమిది సెమిస్టర్లూ వృథా అయినట్టు కాదు.

యమగుచి చేసింది ఒక్కటే, తర్వాతి టోర్నీకి పేరిచ్చింది. టోక్యో ఓటమి తర్వాత హ్యుయెల్వా టైటిల్‌. 2022 మార్చిలో ఆల్‌ ఇంగ్లండ్‌ టైటిల్‌. అదే ఏడాది ఆగస్టులో టోక్యోలోనే, ఈసారి సొంత ప్రేక్షకుల ముందు, చైనాకు చెందిన ఒలింపిక్‌ ఛాంపియన్‌ చెన్‌ యుఫెయ్‌ను ఓడించి రెండో ప్రపంచ టైటిల్‌. పారిస్‌ ఒలింపిక్స్‌ ఓటమికి ఏడాది తిరిగాక, 2025 ఆగస్టులో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ కూడా పారిస్‌లో అదే హాల్లో జరిగింది. ఫైనల్లో మళ్లీ చెన్‌ యుఫెయ్‌. స్కోరు 21-9, 21-13. మూడో టైటిల్‌తో మహిళల సింగిల్స్‌లో స్పెయిన్‌ స్టార్‌ కరోలినా మారిన్‌ పేరిట ఉన్న రికార్డును సమం చేసింది.

మనం ఏం తీసుకోవచ్చు?

యమగుచిలా ఆడటం అందరికీ సాధ్యం కాదు. ఆమె ప్రతిభ వేరు, వెనక నిలిచిన వ్యవస్థ వేరు. అయినా ఆమె నిర్ణయాల్లో మనకు అందుబాటులో ఉన్నవి కొన్ని ఉన్నాయి.

కాలేజీ పేరు కాదు, కొలబద్ద మార్చండి: ‘మాది పేరున్న కాలేజీ కాదు, కంపెనీలు రావు’ అనేది తరచూ వినే మాట. నిజమే, అది ఇబ్బందే. కానీ క్లాసులో ఫస్ట్‌ రావడాన్ని లక్ష్యంగా పెట్టుకోకండి. దేశమంతా పాల్గొనే కోడింగ్‌ పోటీలు, హ్యాకథాన్‌లు, ఓపెన్‌ సోర్స్‌ ప్రాజెక్టుల్లో ఎక్కడున్నారో చూసుకోండి. మొదట్లో ఓడతారు. చిబాలో యమగుచీ ఓడింది.

క్వాలిఫయింగ్‌ రౌండ్‌కి సిగ్గుపడొద్దు: రిఫరల్‌ లేకపోవచ్చు. ఆఫ్‌ క్యాంపస్‌, ఇంటర్న్‌షిప్‌, కాంట్రాక్ట్‌ ఉద్యోగం.. ఏ తలుపు నుంచి వెళ్లినా లోపల చూసేది పనినే.

బలహీనతను లెక్కలోకి తీసుకుని బలం పెంచుకోండి: ఇంగ్లిష్‌ తడబడుతుంటే రోజూ కాస్త సాధన చేయండి. ఈలోపు చేసిన ప్రాజెక్టును ఎవరైనా తెరిచి చూసేలా, నడిపి చూసేలా సిద్ధంగా పెట్టుకోండి. మాట తడబడినా పని మాట్లాడుతుంది.

పోటీదారుతోనే ప్రాక్టీస్‌ చేయండి: అదే ఉద్యోగానికి అప్లై చేస్తున్న రూమ్‌మేట్‌తో మాక్‌ ఇంటర్వ్యూలు చేసుకోండి. శిబిరంలో జపాన్‌ అమ్మాయిలు చేసిందీ అదే.

తిరస్కరణ మెయిల్‌ వచ్చిన రోజు రెండు పనులు చేయండి: ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయారో కాగితం మీద రాసుకోండి. ఆ రోజు నిద్రపోయేలోపు ఇంకో కంపెనీకి అప్లికేషన్‌ పంపండి.