మన్ను తిన్న పాము, మనం కొన్న మట్టి

ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నవాణ్ని ‘మన్ను తిన్న పాములా పడున్నాడు’ అంటాం. పాము సంగతి ఏమో గానీ, మొక్కలు నాటిన గాజుపెట్టెలో పెంచే బల్లికీ తాబేలుకీ ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది. పురుగు మీద నోరు వేసినప్పుడల్లా దాంతోపాటు కాస్త మట్టీ లోపలికి పోతుంది. సన్నటిదైతే బయటికి వచ్చేస్తుంది. గుళికలూ రాళ్లూ పేగులో అడ్డం పడ్డాయంటే మేత మానేసి మూల చేరుతుంది. దీన్ని పశువైద్యులు ఇంపాక్షన్ అంటారు. అందుకని కుండీమట్టి సంచి మీది అక్షరాలను మొక్క తరఫున కాకుండా బల్లి తరఫున చదవాలి.

అలాగని మన్ను తినడమంతా పొరపాటు కాదు. అమెరికాలో మొహావి ఎడారి తాబేళ్లు పనిగట్టుకుని నేల తవ్వి, కాల్షియం ఉన్న మట్టిని వెతుక్కుని మరీ తింటాయి. పెంకు కట్టాలన్నా, గుడ్డు పెట్టాలన్నా సున్నం కావాలి కదా! వాటికి ఏ మట్టి తినాలో తెలుసు. సంచి కట్టినవాడికి అది తెలియాలని ఎక్కడుంది?

కుండీమట్టిని పాత పేపరు మీద పోసి చూడండి. తెల్లటి పూసలు కనిపిస్తాయి. థర్మోకోల్ ముక్కలని చాలామంది పొరబడతారు. అది పెర్లైట్, అగ్నిపర్వతాల నుంచి వచ్చిన గాజురాయి. దాని ఒంట్లో 2 నుంచి 6 శాతం దాకా నీరు చిక్కుకుని ఉంటుంది. 850 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగలగానే ఆ నీరు ఆవిరై, రాయి పేలాల్లా విచ్చుకుంటుంది. ఉన్నదానికి 4 నుంచి 20 రెట్లవుతుంది. విషం కాదు, వేళ్లకు గాలి ఆడుతుంది, అంతవరకూ మంచిదే. కాకపోతే తేలిక. నీళ్లు చల్లిన ప్రతిసారీ పైకి తేలి, మట్టి మీద తెల్లగా మెరుస్తూ కూర్చుంటుంది. కదిలేదాన్నీ మెరిసేదాన్నీ నోట వేసుకునే జీవి ముందు అలాంటిది పెట్టడం నాకు నచ్చదు. ఇప్పటికే కొనేసి ఉంటే, మట్టిని బకెట్టు నీళ్లలో వేసి కలిపి, పైకి తేలినదాన్ని జల్లెడతో తీసేయొచ్చు. విసుగు పుట్టించే పనే. చాలావరకు పోతుంది, పూర్తిగా పోదు.

అదే సంచిలో ఆకుపచ్చగానో, పసుపుగానో, ఆవగింజ కంటే కాస్త పెద్దగా గుండ్రటి గుళికలుంటే ఆ సంచి వదిలేయండి. నెలల తరబడి కొద్దికొద్దిగా కరిగేలా పైన పూత పూసిన రసాయన ఎరువు అది. చూడటానికి ఏదో పురుగు గుడ్లలా ఉంటుంది, బల్లికీ అలాగే అనిపిస్తుంది.

‘ఆర్గానిక్’ అన్న మాట చూసి నిశ్చింత పడకండి. కోళ్లపెంట, ఎముకల పొడి కూడా ఆర్గానికే. మూతపెట్టిన పెట్టెలో పచ్చి పెంట నుంచి లేచే అమ్మోనియా ఘాటు మన ముక్కుకు తెలిసేలోపే లోపలి జీవికి కళ్లు మండుతాయి.

మరి పెట్టెలో ఏది వేయాలంటే, మన కోనసీమ పేరు చెప్పుకోవాలి. కొబ్బరి డొక్క నుంచి పీచు తీశాక మిగిలే పొట్టే దేశదేశాల్లో బల్లుల పెట్టెల్లోకి పరుపుగా వెళ్తున్న కోకోపీట్. 650 గ్రాముల ఇటుకను నీళ్లలో వేస్తే ఉబ్బి 8 లీటర్ల దాకా అవుతుంది. ఎరువు లేదు, పెర్లైట్ లేదు. ఒక్కటే చిక్కు, ఉప్పు. కొబ్బరి డొక్కలోనే కొంత ఉంటుంది, ఉప్పునీటిలో నానబెట్టిన డొక్కలైతే చెప్పక్కర్లేదు. అందుకని నాలుగైదు సార్లు కడగాలి. మొదటి నీళ్లు డికాషన్‌లా దిగుతాయి. రంగు పలచబడేదాకా పిండుతూ ఉండటమే.

మన నర్సరీలో ‘రెడీ మట్టి’ అడిగితే ఎర్రమట్టి, కోకోపీట్, వర్మీకంపోస్టు, వాటితోపాటు గుప్పెడు వేపపిండీ కలిపి ఇస్తారు. మల్లెమొక్కకైతే భేషైన మిశ్రమం. గాజుపెట్టెలో మాత్రం ఆ వేపపిండే తంటా. రెట్టల్నీ కుళ్లిన ఆకుల్నీ తిని శుభ్రం చేస్తాయని ఈ పెట్టెల్లో ఐసోపాడ్‌లు అనే చిన్న జీవుల్ని వదులుతారు. తాకితే కొన్ని ఉండలా ముడుచుకుంటాయి. చూస్తే పురుగులే, వరసకు మాత్రం రొయ్యకూ పీతకూ చుట్టాలు. ఇవి కుబుసం విడిచే తీరు చిత్రం: ముందు వెనక సగం, రెండు మూడు రోజులాగి ముందు సగం. మధ్య రోజుల్లో ఒకే ఒంటి మీద పాత చొక్కా, కొత్త చొక్కా! వేపలోని అజాడిరాక్టిన్ పనిచేసేది సరిగ్గా ఈ కుబుసం విడిచే దగ్గరే. పారిశుద్ధ్య సిబ్బందిని పనిలో పెట్టుకుని వాళ్ల అన్నంలో వేపపిండి కలపడం ఎందుకు?

మొక్కతోపాటు వచ్చే మట్టినీ నమ్మకూడదు. నర్సరీలో కొట్టిన కొన్ని పురుగుమందులు మొక్క రసంలోకే ఎక్కి నెలల తరబడి ఉంటాయి. మనీ ప్లాంట్ తెచ్చినా సరే, వేళ్ల మట్టంతా కుళాయి కింద కడిగి, కొన్ని వారాలు బయట విడిగా పెంచాకే పెట్టెలోకి పంపడం మేలు.

వర్మిక్యులైట్ అని ఇంకొకటి కనిపిస్తుంది. బంగారు రంగులో, పొరలు పొరలుగా ఉంటుంది. మన గూడూరు అభ్రకానికి దాయాది. అమెరికాలో మోంటానా రాష్ట్రంలోని లిబ్బీ గని దీనికి పేరుమోసింది. అక్కడి రాతిలో ఆస్‌బెస్టాస్ కలిసి ఉండటంతో ఊరి ఊరికే ఊపిరితిత్తుల జబ్బులు వచ్చాయి. గని 1990లో మూతపడింది. 2009లో ప్రభుత్వం ఆ ఊళ్లో ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించింది.

పెంచేవాళ్లకూ ఓ జాగ్రత్త. ఆస్ట్రేలియాలో కుండీమట్టి సంచుల మీద ‘ముక్కుకు మాస్కు కట్టుకుని విప్పండి’ అని హెచ్చరిక ఉంటుంది. లెజియొనెల్లా లాంగ్‌బీచే అనే బ్యాక్టీరియా ఆ దుమ్ములో ఉండి న్యుమోనియా తెప్పిస్తుంది. సంచి విప్పగానే ముందు నీళ్లు చిలకరిస్తే దుమ్ము లేవదు.

అసలు గాజుపెట్టెలో మొక్క బతుకుతుందని తెలిసిందే ఓ పురుగు పుణ్యాన. 1829 ప్రాంతంలో లండన్ డాక్టరు నథానియెల్ వార్డ్, సీతాకోకచిలుక జాతి పురుగు గూడు విడుస్తుంటే చూద్దామని సీసాలో తడిమట్టి వేసి మూత బిగించాడు. పురుగు సంగతి అటుంచి, ఊరి పొగకు పెరట్లో చచ్చిపోతున్న ఫెర్న్ ఆ సీసాలో మొలిచింది. చైనా నుంచి హిమాలయాల తోటలకు తేయాకు మొక్కలు ఓడెక్కింది వార్డ్ పెట్టెల్లోనే.

ఇదంతా చదివి నక్షత్ర తాబేలును ఇంటికి తెచ్చేరు! 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. గ్రీన్ ఇగ్వానా, బాల్ పైథాన్ లాంటి విదేశీ జీవులనైనా 2024 నిబంధనల ప్రకారం పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించాలి.

ఇక ఏ సంచిలోనూ దొరకని మట్టి ఒకటుంది, పుట్టమన్ను. నాగులచవితికి పాలు పోసేది పాముకే అయినా పుట్ట కట్టింది చెదలు. లోతు నుంచి తెచ్చిన బంకమట్టిని లాలాజలంతో మెత్తి కట్టుకున్న ఇల్లది. మన ఉడుము ఆ గోడకు కన్నం పెట్టి లోపల గుడ్లు పెట్టడం కద్దు. ఆస్ట్రేలియా ఉడుము లేస్ మానిటర్‌దీ అదే పద్ధతి. తల్లి తన దారిన తను పోతుంది. తమ ఇంటికి పడిన కన్నాన్ని చెదలే మెత్తి పూడ్చేస్తాయి. లోపల పరాయి గుడ్లు నెలల తరబడి వెచ్చగా, తడారకుండా ఉంటాయి.